అడితిలో ట్రాక్టరు నడిచిన వేసవి

మా ఆయన నన్ను మొదటిసారి కొట్టింది సరుగుడు కట్టెతో. కట్టెల అడితి వాళ్ళ ఇంట్లో చేతికి అందేది అదే కదా. కాపురానికొచ్చి నాలుగో రోజు. అన్నం కొంచెం పలుకయింది. ఆయన కంచం పక్కకి నెట్టి, పెరట్లోకి వెళ్ళి, గుట్టలోంచి ఒక కట్టె తీశాడు. బరువు చూసి, అది నచ్చక పక్కన పడేసి, ఇంకొకటి తీశాడు. దెబ్బల కన్నా ఆ ఏరుకోవడమే నాకు బాగా గుర్తుంది. కోపంలో ఉన్న మనిషి అలా ఏరుకోగలడని నాకు అంతకుముందు తెలియదు.

అత్తగారు పొయ్యి దగ్గర కూచుని చూసింది. అంతా అయ్యాక, "ఆకలి మీదున్న మగాడితో జాగ్రత్తగా ఉండాలమ్మా. రేపటి నుంచి పెందలాడే పొయ్యి ముట్టించు" అంది. ఆవిడ కుడిచేతి చిటికెన వేలు వంకరగా ఉండేది. మామగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

మా అడితి బందరులో కాలవ గట్టున ఉండేది. దివిసీమ నుంచి పడవల మీద మడ కట్టెలు, తుమ్మ మొద్దులు వచ్చేవి. ముదినేపల్లి వైపు నుంచి చింత మొద్దులు బళ్ళ మీద వచ్చేవి. పెళ్ళిళ్ళకీ హోటళ్ళకీ ఇటుక బట్టీలకీ మా దగ్గరే తీసుకునేవాళ్ళు. ఊళ్ళో మా ఆయనకి మంచి పేరు. "రండి, కూచోండి, తడి కట్టె ఇచ్చి మీ చేత పొగ మింగిస్తానా" అని నవ్వుతూ మాట్లాడేవాడు. తాగేవాడు కాదు. తూకంలో మోసం చేసేవాడు కాదు. ఆ నోటితో మాట్లాడిన మనిషే వీధి తలుపు దాటి లోపలికొచ్చేసరికి ఇంకొకడయ్యేవాడు. ఆరేళ్ళలో నాకు రెండు పళ్ళు ఊడాయి. ఒక కడుపు పోయింది. నేను దొరసానుల బడిలో ఐదో తరగతి దాకా చదువుకున్నాను. పుట్టింటికి ఉత్తరం రాయడం నాకు వచ్చు. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ మా నాన్న వచ్చి, భోజనం చేసి, అల్లుడితో కాసేపు మాట్లాడి, నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

కట్టెలు కొట్టడానికి పన్నెండు మంది ఉండేవాళ్ళు. అందరూ దివి మనుషులే. కాలవ అవతల గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళకో మేస్త్రీ. యాభై దాటిన మనిషి. చింత మొద్దు ముందు నిలబడితే, దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ కొడితే పగులుతుందో వేలితో చూపించేవాడు. అక్కడే పగిలేది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, వేసవికి కాలవలు కట్టేసేలోపు పడవలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అడితి నిండా ఇంటెత్తు మొద్దులు. వానలు పడేలోపు చీల్చి ఆరబెట్టకపోతే అన్నీ పుచ్చిపోతాయి. గుడివాడ దగ్గర ఒక ఆసామి దుక్కికి ట్రాక్టరు తెప్పించాడని, ఎండాకాలమంతా అది ఖాళీగా పడుంటుందని మా ఆయనకి తెలిసింది. దాని పక్కన ఒక ఇనప చక్రం ఉంటుంది. దానికి బెల్టు తగిలిస్తే బియ్యం మిల్లు ఇంజను తిరిగినట్టే ఏదైనా తిప్పొచ్చు. గుడివాడలోనే ఒక ఇనప పనివాడి చేత ఆయన రెండు యంత్రాలు చేయించాడు. ఒకటి బల్లకి బిగించిన గుండ్రటి రంపం. రెండోది చీల్చేది. పెద్ద చక్రం తిరుగుతుంటే, తొడంత లావు ఇనప మేకు రోకలి లాగా పైకి లేచి కిందికి దిగేది. అది లేచినప్పుడు కిందకి మొద్దు తొయ్యాలి, దిగేలోపు చెయ్యి తీసెయ్యాలి. మేము దాన్ని రోకలి అనే అన్నాం.

ట్రాక్టరు ఇనప చక్రాలతో రోడ్డంతా గీసుకుంటూ వచ్చింది. దాన్ని తోలుకొచ్చిన డ్రైవరు గుడివాడ మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ముందు బియ్యం మిల్లులో ఇంజను చూసేవాడట. తక్కువ మాట్లాడేవాడు. పెట్రోలు మీద ఇంజను అంటించి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చేవాడు. అది మొదటిసారి పలికినప్పుడు ఇంటి పెంకులు గలగలమన్నాయి.

మర్నాడు పొద్దున మేస్త్రీ తన మనుషులతో వచ్చి మా ఆయన ముందు నిలబడ్డాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను.

"మీరు పన్నెండు మంది వారం రోజులు కొట్టేది ఇది ఒక్క పూటలో కొడుతుంది" అన్నాడు మా ఆయన.

"కొట్టనీయండి బాబూ. కొట్టేది అదయినా, మోసేది మనుషులే గదా. మమ్మల్ని దాని పక్కనే పెట్టుకోండి. నోటికాడి కూడు తీయమాకండి."

"ముగ్గురు చాలు. మిగతావాళ్ళు ఇంకెక్కడైనా చూసుకోండి."

"ఎండాకాలం నడిమిట్లో ఎక్కడికి పోతాం బాబూ?" అన్నాడు మేస్త్రీ. అని, పోట్లాడకుండా, వెళ్ళి ట్రాక్టరు ముందు చక్రానికి వీపు ఆనించి కూచున్నాడు. "ముందు నా మీద నించి పోనీయండి. తర్వాత మీ ఇట్టం."

మా ఆయన డ్రైవరు చేతిలో ఉన్న హ్యాండిలు లాక్కున్నాడు. ఇంజను తిప్పి అంటించే ఇనప హ్యాండిలది. మేస్త్రీ తల మీద, చెవి పక్కగా కొట్టాడు. పచ్చి మొద్దు మీద గొడ్డలి తిరగేసి కొట్టినట్టుంది ఆ చప్పుడు. రెండోసారి ఎత్తేసరికి పన్నెండు గొడ్డళ్ళూ లేచాయి. ఒక కుర్రాడు మా ఆయన మెడకి గురిచూసి విసిరాడు. డ్రైవరు మా ఆయన్ని పక్కకి తోసేయడంతో గొడ్డలి వెనకున్న తుమ్మ మొద్దులో సగం దాకా దిగింది. ఇంకొకడు రంపం బల్ల మీదికెక్కి, యంత్రాల కోసం మా ఆయన కొత్తగా పెట్టుకున్న ఇద్దరు కూలీలని చితకబాదుతున్నాడు. ఒకడి ముక్కు పగిలింది. అడితంతా అరుపులు. అంత గోలలో మేస్త్రీ నేల మీద కూచునే చెయ్యెత్తి, "వద్దురా. గొడ్డలి కట్టెకిరా, మనిషికి కాదు" అన్నాడు. అతని చెవిలోంచి నెత్తురు కారి చొక్కా లేని ఒంటి మీద గీతలు కట్టింది.

నేను చేటలో బియ్యం అక్కడే వదిలేసి, చెంబుతో నీళ్ళు, పసుపు గుడ్డ పట్టుకెళ్ళాను. మేస్త్రీ తల పట్టుకుని కట్టు కట్టాను. అంతమంది మగవాళ్ళ ముందు అలా చెయ్యచ్చా అని ఆలోచించలేదు. తర్వాత వాళ్ళందరూ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మా ఆయన కట్టె ఏరుకోలేదు. "ఏ చేత్తో కట్టావు?" అని అడిగాడు. ఎడమ చెయ్యి దొరికింది ఆయనకి. గడపకి ఆనించి వెనక్కి విరిచాడు. విరిగేదాకా వదల్లేదు.

కట్టు కట్టేవాడు వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొన పూసి, నెల రోజులు కదపొద్దన్నాడు. ఇంటి పని అత్తగారి మీద పడింది. ఇటు అడితిలో మనుషులు లేరు. దెబ్బలు తిన్న కొత్త కూలీలిద్దరూ పారిపోయారు. దివి వాళ్ళ మాట కాదని బందరులో ఎవరూ మా గుమ్మం తొక్కలేదు. చివరికి రంపం దగ్గర మా ఆయన, రోకలి దగ్గర డ్రైవరు నిలబడ్డారు. మరి ట్రాక్టరు దగ్గర ఎవరో ఒకరుండాలి. బెల్టు జారినా, మొద్దు ఇరుక్కున్నా వెంటనే ఆపాలి.

"ఇది వంటకి పనికిరాదు. అక్కడన్నా నిలబెట్టు" అంది అత్తగారు, నన్ను చూపించి.

అలా నేను ట్రాక్టరు దగ్గరికి వచ్చాను. డ్రైవరు నా చేతి కట్టు చూశాడు. ఒక ఇనప కడ్డీ చూపించి, "చెల్లెమ్మా, ఇది ముందుకి నెడితే బెల్టు తిరుగుద్ది. నీ వైపు లాగితే ఆగుద్ది. అంతే. ఏ కొంచెం అనుమానం వచ్చినా లాగేయ్. ఊరికే ఆపినా నష్టం లేదు, మళ్ళీ తిప్పుకుంటాం" అన్నాడు.

పది పన్నెండు రోజులు అలా నడిచింది. ట్రాక్టరుకీ రంపానికీ మధ్య పది బారల దూరం. అంత పొడుగునా బెల్టు పాము లాగా ఊగుతూ తిరిగేది. రంపం ఇరుసు నుంచి ఇంకో పొట్టి బెల్టు రోకలిని తిప్పేది. రంపం మొద్దులోకి దిగినప్పుడు వచ్చే కీచుకి కాలవ అవతలి కుక్కలు ఏడ్చేవి. నా అరికాళ్ళ నుంచి పళ్ళ దాకా అదురు. రంపపు పొట్టు కళ్ళలో, నోట్లో, కట్టు లోపల. అయినా ఆ కడ్డీ అంటే నాకు ఇష్టం పుట్టింది. నేను లాగితే అంత పెద్ద గోల ఆగిపోయేది.

ఒకసారి బెల్టు విపరీతంగా ఊగితే భయపడి లాగేశాను. రంపం మొద్దు మధ్యలో బిగుసుకుపోయింది. మా ఆయన ఒక చింత పేడు తీసి నా మీదికి విసిరాడు. కనుబొమ్మ పగిలింది. "నేను చెప్పకుండా ఆపావంటే చంపుతా" అన్నాడు. డ్రైవరు రోకలి దగ్గర నుంచి వచ్చి, "ఆపమని నేనే చెప్పానండి" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు మా ఆయన.

తర్వాత ఒక రోజు మధ్యాహ్నం వేసవి వాన రెండు జల్లులు పడి ఆగింది. బెల్టు తడిసింది. పెద్ద చింత మొద్దు ఒకటి బల్ల మీద ఉంది. రంపం సగం దిగాక బెల్టు జారడం మొదలుపెట్టింది. జారే బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లితే పట్టు వస్తుంది. ఆపి చల్లాలని డ్రైవరు రోజూ చెప్పేవాడు. మా ఆయన తిరుగుతుండగానే చల్లేవాడు. ఆ రోజూ అలాగే పిడికెడు గుగ్గిలం తీసుకుని రంపం చక్రం మీదికి వంగాడు. భుజం మీది తువ్వాలు జారింది. దాన్ని పట్టుకోబోయాడు. బెల్టు ముందు తువ్వాలుని లాక్కుంది. తర్వాత వేళ్ళని.

ఆయన నా వైపు తిరిగాడు. ఇంజను గోలలో మాట వినపడలేదని చెప్పుకోవచ్చు. కానీ నోరు కనిపించింది. "ఆపు" అంటున్నాడు. నా కుడి చెయ్యి కడ్డీ మీదే ఉంది.

నేను లాగలేదు.

ఎంతసేపో నాకు తెలియదు. ఆయన ఒక కాలు బల్లకి తన్నిపెట్టి ఒళ్ళంతా వెనక్కి లాగుతున్నాడు. చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇంకా పోతోంది. ఆయన మొహం ఎర్రగా అయి, తర్వాత తెల్లబడింది. నేను అదంతా చూశాను. చెప్పకుండా ఆపితే చంపుతానన్నాడు కాబట్టి భయపడ్డానని తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణంలో నాకు భయం లేదు. చాలా ప్రశాంతంగా ఉంది. అది నిజం.

డ్రైవరు ఎక్కడి నుంచి పరిగెత్తుకొచ్చాడో, నా చేతి మీద తన చెయ్యి వేసి కడ్డీ లాగాడు. బెల్టు ఆగింది. అప్పుడు అరుపు వినపడింది.

అప్పటికి మోచెయ్యి దాకా నలిగిపోయింది. మేము బెల్టు కోసి ఆయన్ని కిందికి దించాం. నెత్తురు చూసి మొదట కదిలింది నేనే. పైట చింపి, కట్టున్న చేతి వేళ్ళతో ఒక కొస పట్టుకుని, రెండో కొస పళ్ళతో లాగి, భుజం కింద గట్టిగా బిగించాను. ఆ కట్టు వల్లే మనిషి బతికాడని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. చెయ్యి మాత్రం మోచేతి పై దాకా తీసేశారు. కుడి చెయ్యి.

ఆసుపత్రి వరండాలో డ్రైవరు నా పక్కన నిలబడ్డాడు. "కడ్డీ బిగుసుకుపోయింది కదా చెల్లెమ్మా" అన్నాడు.

"లేదన్నయ్యా."

"వాన నీళ్ళు పడి బిగుసుకుపోయింది. నేను లాగినా రాలేదు. అడిగినవాళ్ళకి నేనదే చెప్పాను" అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. మరో రెండు రోజులకి ట్రాక్టరు తోలుకుని గుడివాడ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఆయన్ని చూడలేదు.

అత్తగారు మాత్రం వంటింటి గుమ్మంలోంచి అంతా చూసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే నా జుట్టు పట్టుకుని వాకిట్లో ఈడ్చింది. "కళ్ళప్పగించి చూశావు గదే! నా బిడ్డ చెయ్యి మింగావు గదే!" అని అరిచింది. ఆవిడకి బలం లేదు. నేను విడిపించుకోలేదు. అలిసిపోయి తనే వదిలేసి, అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు పెడనలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. చనిపోయేదాకా నా చేతి నీళ్ళు ముట్టలేదు.

అడితిలో సగం మొద్దులు అలాగే ఉన్నాయి. ఆకాశం మబ్బు పట్టింది. నేను కాలవ దాటి మేస్త్రీ గుడిసె దగ్గరికి వెళ్ళాను. అతను తల ఒక వైపు వంచి, మళ్ళీ పనికి రమ్మన్న నా మాట విన్నాడు. కుడి చెవి వినికిడి పూర్తిగా పోయింది.

"నువ్వు అడుగుతున్నావా, ఆయన అడగమన్నాడా?" అన్నాడు.

"నేనే అడుగుతున్నాను."

"ఆయన ఆసుపత్రి నించి వచ్చి ఎల్లగొడితేనో?"

"వెళ్ళగొట్టేది ఇక నేను. ఆయన కాదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

మేస్త్రీ కాసేపు నా మణికట్టు వంకే చూశాడు. కట్టు ఇంకా విప్పలేదు. "నా తలకి కట్టు కట్టినందుకేనంట గదమ్మా ఇది" అన్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిది మంది వచ్చారు. మిగతా వాళ్ళు అప్పటికే పొట్ట చేత పట్టుకుని వేరే ఊళ్ళకి పోయారు.

మా ఆయన ఇంటికి వచ్చేసరికి అడితిలో గొడ్డళ్ళు నడుస్తున్నాయి. బండి దిగి, మేస్త్రీని చూసి, లోపలికి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. నెల రోజులు అలాగే పడుకున్నాడు. ఎడమ చేత్తో అన్నం తినడానికి ఒప్పుకోలేదు. ఎడమ చెయ్యి దేనికో అందరికీ తెలిసిందే, దాంతో అన్నం ఎలా ముట్టుకుంటానన్నాడు. అందుకని నేనే కలిపి పెట్టేదాన్ని. రోజుకి రెండు పూటలా. ఆయన నోరు తెరవాలి, నేను ముద్ద పెట్టాలి. మా ఇద్దరికీ అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆయన ఎప్పుడూ నా మొహంలోకి చూసేవాడు కాదు.

ఒక రోజు మధ్యాహ్నం పప్పన్నం పెడుతున్నాను. ముద్ద నోటికి అందించగానే ఆయన నా చూపుడు వేలు కొరికాడు. పొరపాటున కాదు. పళ్ళు బిగించి పట్టుకున్నాడు. ఎముకకి తగిలేదాకా. కళ్ళు మొదటిసారి నా కళ్ళలోకి చూస్తున్నాయి. నేను ఎడమ చేత్తో, కొత్తగా అతికిన ఆ చేత్తోనే, చెంప మీద కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ. ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. వేలు విడిపించుకున్నాక కూడా కొట్టాను. ఆయన ముక్కులోంచి నెత్తురు వచ్చి పప్పులో పడింది. ఆయన తలకి అడ్డం పెట్టుకోవడానికి లేని చేతిని ఎత్తాడు. భుజం ఒక్కటే కదిలింది. అది చూసి ఆగాను.

ఇద్దరం ఒగరుస్తూ కూచున్నాం. బయట గొడ్డళ్ళ చప్పుడు.

"నువ్వు ఆపలేదు" అన్నాడు.

"ఆపలేదు."

"వినపడలేదా?"

"కనపడింది."

"కావాలని ఆపలేదా?"

"అవును."

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "మరి నా చేతికి ఆ కట్టెందుకు కట్టావు?" అన్నాడు.

"తెలీదండి" అన్నాను. ఇవాళ్టికీ తెలియదు. నా వేలికి గుడ్డ చుట్టుకుని, ఆయన ముక్కు తుడిచాను. తుడవనిచ్చాడు.

మర్నాడు కంచంలో అన్నం వడ్డించి, ఆయన ముందు పెట్టి, నేను కూచోకుండా వాకిట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి కంచం ఖాళీగా ఉంది. చాప మీద అక్కడక్కడా మెతుకులు పడి ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన నన్ను కొట్టలేదు. నేనూ ఆయన్ని కొట్టలేదు. ప్రేమగా ఉన్నామని చెప్పను. ఒక ఇంట్లో ఉన్నాం, అంతే. ట్రాక్టరుని మళ్ళీ పిలవలేదు. రంపం, రోకలి తుప్పు పట్టి, కొన్నాళ్ళకి ఇనప సామాను వాడికి పోయాయి. అడితి వ్యవహారం నేను చూసుకునేదాన్ని. ఆయన ముందు వరండాలో బల్ల మీద కూచుని వచ్చిన వాళ్ళతో మాట్లాడేవాడు. "రండి, కూచోండి" అనేవాడు. ఆ నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు.

రెండు వానాకాలాలు గడిచాక ఒక పొద్దున ఆయన కొట్టుగదిలోంచి తన గొడ్డలి తీసుకుని అడితిలోకి నడిచాడు. వయసులో ఉండగా తను వాడిన గొడ్డలి అది. ఒంటి చేత్తో పట్టుకుని వస్తుంటే పనివాళ్ళందరూ ఆగిపోయారు. ఒకడు వెనక్కి జరిగాడు. నేను వాకిట్లోంచి పరిగెత్తబోయాను. ఆయన మేస్త్రీ ముందు ఆగాడు. వినపడే చెవి వైపుకి తిరిగి నిలబడ్డాడు. ఏదో అనబోయి, అనలేక, గొడ్డలి ముందుకి చాచాడు. పిడి మేస్త్రీ వైపు ఉంది.

మేస్త్రీ అందుకుని, బొటనవేలితో పదును చూశాడు. "తుప్పు పట్టింది" అన్నాడు. ఆయన తలూపి వెనక్కి వచ్చేశాడు. మేస్త్రీ దాన్ని సాన పట్టించి, కొత్త పిడి వేయించి, ఆ వారంలోనే పనిలో పెట్టాడు.